పద్దెనిమిది గడుల కాగితం

2010 మార్చి నెల. కొత్తగూడ చౌరస్తాలో ఇప్పుడు ఫ్లైఓవర్ నీడ పడే చోట, ఒక జిరాక్స్ షాపు మీద నా ఆఫీసు ఉండేది. ఆఫీసు అనడం నా గొప్పే గానీ అది ఒక గది. ఒక టేబులు, నాలుగు కుర్చీలు, తలుపు సరిగా పడని ఇనుప బీరువా, గోడకు ఒక కేలండరు. వకీలుగా అప్పటికి నాకు ఎనిమిదేళ్ళ అనుభవం. చుట్టుపక్కల టవర్లలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు నా మెట్లెక్కేవాళ్ళు కారు. వాళ్ళకు ఏసీ గదుల వకీళ్ళు వేరే ఉన్నారు. నా దగ్గరికి ఆ టవర్ల అద్దాలు తుడిచేవాళ్ళు, గేట్ల దగ్గర నిలబడేవాళ్ళు, క్యాబులు నడిపేవాళ్ళు వచ్చేవారు.

అప్పట్లో ఎక్కడ నలుగురు చేరినా తెలంగాణ మాటే. నేనూ ఉద్యమంలో ఉన్నదాన్నే. నల్లకోటు వేసుకుని ఊరేగింపుల్లో గొంతు పోయేదాకా అరిచినదాన్నే. ఆ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ కేసులో నా క్లయింటు దారికి అడ్డం కూర్చున్నది నేను, నా ఉద్యమం. ఉద్యమంలో ఉన్నందుకు నాకు సిగ్గు లేదు. ఆ అడ్డం కూర్చోవడం గురించి మాత్రం దాచకుండా రాయాలనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ముప్పై ఏళ్ళు నిండని ఒక అమ్మాయి వచ్చి, కూర్చోమనకముందే కుర్చీ లాక్కుని కూర్చుంది. నీలం యూనిఫాం చీర, మెడలో ఐడీ కార్డు. పేరు స్వరూప. ఒక టవర్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. పాలమూరు వైపు నుంచి కట్టడం పనికి వచ్చిన కుటుంబం వాళ్ళది. పదో తరగతి చదివింది. చేతిలో మడతలు నలిగిపోయిన ఒక జిరాక్స్ కాగితం ఉంది.

"మేడం, గీ కాయితం మీద ఒక మాట ఉన్నది. దాన్ని కొట్టేసే కాయితం నాకు గావాలె. అయితదా, గాదా?" అంది.

కాగితం విప్పాను. వంద రూపాయల బాండు పేపరుకు జిరాక్స్ అది. ఇలాంటివి నా టేబులు మీదికి నెలకు రెండు మూడైనా వచ్చేవి. పల్లెల్లో ఆలుమగలకు పొసగకపోతే పెద్దమనుషులు కూర్చుని తెగతెంపులు చేసి, బాండు మీద రాయించి, ఇద్దరితో సంతకాలు పెట్టిస్తారు. వాళ్ళ లెక్కలో దాంతో పెళ్ళి ముగిసినట్టే. ఈ పత్రాలకు ఒక పద్ధతి ఉంది. కారణం రాయాలి. కారణం లేకపోతే కాగితం నిలవదని వాళ్ళ నమ్మకం. ఆ కారణం ఎప్పుడూ ఎవరి మీదికి పోతుందో చెప్పనక్కర్లేదు. స్వరూప తెచ్చిన దానిలో ఇలా ఉంది: "సదరు స్వరూప నడవడిక సరిగా లేనందున ఆమెను విడిచిపెట్టడమైనది." కింద ఐదుగురు పెద్దల సంతకాలు, భర్త శ్రీశైలం సంతకం, చివర గుండ్రటి అక్షరాల్లో ఆమెదే.

"నువ్వే పెట్టినవా ఈ సంతకం?"

"నేనే పెట్టిన. గప్పుడు మనసు మండుతుండె. రెండు గంటల షిఫ్టుకు పోవాలె, బస్సుకు టైమైతున్నది. ఈడ పెట్టు అన్నరు, పెట్టిన. చదవలే. మా టవర్ల బాత్రూం చెక్‌లిస్టు మీద చూడకుండ దస్కత్ పెడితె మా పిల్లల మీద ఒర్లుత మేడం. గసుంటిది నేనే చూడకుండ పెట్టిన."

ఆ చెక్‌లిస్టు సంగతి ఇక్కడే చెప్పాలి. పెద్ద ఆఫీసుల బాత్రూం తలుపు వెనక ఒక గడుల కాగితం వేలాడుతుంది. గంటకో గడి. శుభ్రం చేసినవాళ్ళు టిక్ పెట్టి సంతకం చేస్తారు. పక్కనే తనిఖీ చేసినవారు అని ఇంకో గడి, అది సూపర్‌వైజర్‌ది. స్వరూప రోజంతా సంతకం పెట్టేది ఆ గడిలోనే.

జిరాక్స్ ఎవరి దగ్గర దొరికిందని అడిగాను. శ్రీశైలం అన్న అంజయ్య అదే టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్. పత్రం రాయించిందీ ఆయనే. తమ్ముడి తప్పేం లేదని నలుగురికీ తెలియాలని గేటు దగ్గర గార్డులకు చూపించాడు. వాళ్ళ నుంచి డ్రైవర్లకు, డ్రైవర్ల నుంచి క్యాంటీన్‌కు పోయింది. చివరికి స్వరూప కింద పనిచేసే అమ్మాయి ఒకతి, పని సరిగా చేయలేదని తిట్టినప్పుడు, "ముందు నీ నడవడిక చూసుకో అక్కా" అందట.

"గా మాటతోని నాకు ఆర్నెల్ల సంది అన్నం సయిస్తలేదు. మళ్ళ పెండ్లి చేసుకుంటవా, గందుకేనా అని అందరడుగుతుండ్రు. చేసుకుంట, చేసుకోను, గది నా ఇష్టం. గా మాట మాత్రం ఉండొద్దు."

"అసలు ఎందుకు విడిపోయిండ్రు?"

"ఆయన తాగలే, కొట్టలే. నేను గూడ ఏం చెయ్యలే. ఆయన రాత్రి డ్యూటి, నాది పగలు. కలిసిన గంట కొట్లాటనే. ఒకరి మొఖం ఒకరం చూస్తె దమ్ము ఆడకపోతుండె. పడలే మేడం, గంతే. పడలే అని రాస్తె పత్రం నిలవదన్నరట."

అప్పుడు అడిగాను, పెళ్ళి ఎక్కడయిందని. "రిజిస్టర్ పెండ్లి" అంది. వాళ్ళవి వేరు వేరు కులాలు. శ్రీశైలం వాళ్ళది చేవెళ్ళ అవతల ఒక ఊరు. రెండు ఇళ్ళల్లో ఒప్పుకోకపోతే యూనియన్‌లో తిరిగే ఒకాయన వీళ్ళను రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకుపోయాడట. నెల రోజుల నోటీసు బోర్డు మీద అంటించి, ముగ్గురు సాక్షులతో సంతకాలు చేయించాడు. తాళి లేదు, తలంబ్రాలు లేవు. అంటే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద జరిగిన పెళ్ళి. ఆ మాట వినగానే నాకు నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి. హిందూ వివాహ చట్టం కింద అయిన పెళ్ళయితే, మా కులంలో ఇలా విడిపోయే ఆచారం ఉందని నిరూపించుకుని ఆ బాండు పేపరును నిలబెట్టుకునే దారి ఎంతోకొంత ఉంటుంది. రిజిస్టర్ పెళ్ళికి ఆ దారి కూడా లేదు. కులం వద్దని, ఊరి పెద్దలు వద్దని సర్కారు పుస్తకంలో సంతకం పెట్టి పెళ్ళి చేసుకున్న ఇద్దరూ, విడిపోవడానికి మళ్ళీ ఆ పెద్దల అరుగు దగ్గరికే పోయారు. ఆ పత్రానికి ఆ ఐదుగురి సంతకాలే తప్ప చట్టంలో విలువ లేదు.

"అంటె నేనింకా ఆయన భార్యనేనా?" స్వరూప లేచి నిలబడింది.

"చట్టం లెక్కల అంతే."

"మరి గా మాట?"

"ఆ మాట చెల్లదు. కానీ చెల్లదని ఎవరూ నీకు కాగితం రాసివ్వరు. కోర్టులో విడాకులు తీసుకుంటే, ఆ కాగితంలో ఎవరి తప్పూ ఉండదు."

శ్రీశైలాన్ని పిలిపించాను. సన్నగా, మాట తక్కువ మనిషి, రాత్రిపూట క్యాబు నడుపుతాడు. బాండు పేపరు చెల్లదని, ఆ ధైర్యంతో ఇంకో పెళ్ళి చేసుకుంటే కేసవుతుందని చెప్పాను. అప్పటికే ఆయనకు ఎక్కడో సంబంధం చూస్తున్నారని ముఖం చూస్తేనే తెలిసింది. జాయింట్ పిటిషన్ మీద సంతకం పెట్టాడు. నెలాఖరులో కోర్టులో వేశాం.

ఉభయులూ ఒప్పుకుని తీసుకునే విడాకులకు రెండు మెట్లు ఉంటాయి. ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం ఫస్ట్ మోషన్. తర్వాత కనీసం ఆరు నెలలు ఆగాలి, మనసు మారుతుందేమోనని చట్టం ఇచ్చే గడువది. ఆరు నెలలు దాటాక ఇద్దరూ మళ్ళీ వచ్చి, అదే మాట మీద ఉన్నామని చెప్పడం సెకండ్ మోషన్. అది పద్దెనిమిది నెలల లోపు జరగాలి. దాటితే మళ్ళీ మొదటి నుంచి మొదలు పెట్టాల్సి రావచ్చు. ఈ మధ్యలో ఎవరు కాదన్నా పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. ఇవన్నీ మొదటి రోజే స్వరూపకు చెప్పాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది.

నేను డైరీలో ఆరో నెల రాసుకున్నాను. పద్దెనిమిదో నెల రాసుకోలేదు. ఆరు నెలలకు రెండో మెట్టు ఎక్కేస్తామని నా ధీమా.

ఆరో నెల వాయిదాకు శ్రీశైలం రాలేదు. అంజయ్య ఆపాడు. ఊళ్ళో ఐదుగురు పెద్దలు రాసిన పత్రం ఉండగా కోర్టు ఏంటని, తమ్ముడు కోర్టుకు పోతే తన మాట అబద్ధమైనట్టేనని ఆయన పట్టు. తర్వాతి వాయిదాకు స్వరూప స్వయంగా శ్రీశైలం క్యాబు ముందు నిలబడి, "నీ అన్నకు భయపడితె నాకెందుకు దస్కత్ పెట్టినవ్?" అని అడిగి తీసుకొచ్చింది. ఆ రోజు మేమే కోర్టులు బహిష్కరించాం. అక్కడి నుంచి అదే వరుస. వాయిదా రోజు ఇద్దరూ రావడం, వకీళ్ళు లేక కేసులన్నీ ఇంకో తేదీకి పోవడం. వేసవి సెలవులు కూడా మధ్యలోనే వచ్చిపోయాయి. బహిష్కరణ వల్ల కక్షిదారులకు నష్టం ఉండదని మేం గట్టిగా నమ్మేవాళ్ళం. వ్యతిరేక ఉత్తర్వులు రావు కదా, వాయిదాలే కదా అనుకునేవాళ్ళం. నేను కూడా అనుకున్నాను.

2011 సెప్టెంబర్‌లో పెద్ద సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బడులు ఆగాయి, మరి కొద్ది రోజులకు బస్సులూ ఆగాయి. మేం కోర్టు గేటు ముందు టెంటు వేసి కూర్చున్నాం. ఒక సాయంత్రం ఆఫీసులో ఉంటే స్వరూప వచ్చింది. బ్యాగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. పాత బాత్రూం చెక్‌లిస్టు వెనకవైపు. స్కేలు పెట్టి గీసిన పద్దెనిమిది గడులు. ఒక్కో గడిలో నెల పేరు, టిక్, సంతకం. పదిహేడు గడులు నిండాయి. ఇన్నాళ్ళూ దాన్ని తన లాకరు తలుపు లోపల అంటించుకుందట.

"ఇగ ఒక్కటే ఉన్నది మేడం" అంది.

నేను డైరీ తెరిచాను. తర్వాతి వాయిదా సెప్టెంబర్ చివరి వారంలో ఉంది. పద్దెనిమిది నెలల గడువు ఆ తర్వాత మూడు రోజులకు ముగుస్తుంది. ఆ మూడు రోజుల్లో సమ్మె ఆగేట్టు లేదు. మళ్ళీ మొదటి నుంచి అంటే శ్రీశైలం మళ్ళీ సంతకం పెట్టాలి. అంజయ్య ఉండగా ఆయన రెండోసారి పెడతాడని నాకు నమ్మకం లేదు. ఆమె కూడా ఆ ఆశ పెట్టుకోలేదు.

"స్వరూపా, నేను సమ్మెల ఉన్న. లోపలికి రాలేను."

"మిమ్మల్ని రమ్మని అడగలే. నేను మాట్లాడొచ్చా, గది చెప్పుండ్రి."

ఎనిమిదేళ్ళు, తర్వాత ఇంకో ఏడాదిన్నర చేసిన వకీలుకు ఒక హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ గుర్తు చేయాల్సి వచ్చింది. ఫ్యామిలీ కోర్టులో వకీలు ఉండాలనే నియమమే లేదు. అసలు ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం వకీలుకు అక్కడ నిలబడే హక్కు లేదు, కోర్టు అనుమతిస్తేనే ఉంటాం. కక్షిదారు తన మాట తానే చెప్పుకోవచ్చు. దీన్ని పార్టీ-ఇన్-పర్సన్ అంటారు. అన్నేళ్ళుగా మేం గుమ్మంలో నిలబడి, మేం లేకపోతే ఈ తలుపు తెరుచుకోదని జనాన్ని నమ్మించాం.

వకాలత్ మీద అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టాను. వకాలత్ అంటే కక్షిదారు తరఫున మాట్లాడేందుకు మాకిచ్చే అధికార పత్రం. దాన్ని తిరిగిచ్చేశానన్నమాట. తర్వాత రెండు సాయంత్రాలు ఇద్దరినీ కూర్చోబెట్టి జడ్జిగారు అడిగే ప్రశ్నలు అడిగాను. ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు, ఎవరి బలవంతమైనా ఉందా, కలిసే ఆశ ఉందా. స్వరూప తడబడకుండా చెప్పింది. శ్రీశైలం ప్రతి ప్రశ్నకూ ఆమె వైపు చూసి చెప్పాడు.

చివర్లో ఆమెతో ఒక్కటే గట్టిగా చెప్పాను. "ఆ బాండు పేపరు బయటికి తీయకు. దాని గురించి మాట్లాడకు. శ్రీశైలం బెదిరి, నాకు విడాకులు వద్దు అంటే అంతా పోతది. కోర్టు ఇచ్చేది తీసుకుని రా."

ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టు ఊపిందని అనుకున్నాను.

వాయిదా రోజు టెంటులో ముందు వరుసలో కూర్చున్నాను. కోర్టు నగరానికి ఆ చివర ఉంది. కొత్తగూడ నుంచి మామూలు రోజుల్లో రెండు బస్సులు మారాలి. ఆ రోజు బస్సుల్లేవు, ఆటోలు అంతంతమాత్రం. పదిన్నరకు ఒక మోటార్‌సైకిల్ వచ్చి గేటు ముందు ఆగింది. శ్రీశైలం నడుపుతున్నాడు. వెనక స్వరూప, మధ్యలో ఆమె సంచి. విడాకులకు ఒకే బండి మీద వచ్చిన ఆలుమగలను నా సర్వీసులో ఇంకెక్కడా చూడలేదు. దారిలో రెండు చోట్ల రాస్తారోకో ఆపిందట. రెండు చోట్లా స్వరూపే దిగి మాట్లాడిందట.

మా శిబిరానికి పెద్దగా ఉన్న సీనియర్ ఒకాయన గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఎటువోతున్నవమ్మా?"

"లోపటికి సార్. మా కేసున్నది."

"ఇయ్యాల ఏం నడవది. వకీళ్ళందరు బంద్ పెట్టిండ్రు. వాయిదా పడ్తది, ఏం ఫికర్ లేదు. ఇంటికి పోండ్రి."

"వాయిదా పడితె నా గడువు అయిపోతది సార్. ఇగ మూడు దినాలే."

"రాష్ట్రమే వస్తుంటె నీ విడాకులకు ఏం తొందరొచ్చింది?" అన్నాడాయన. టెంటులో కొందరు నవ్వారు. రాష్ట్రం విడిపోవడాన్నీ ఆలుమగలు విడిపోవడాన్నీ కలిపి జోకులు వేయడం అప్పుడు మా వకీళ్ళకు అలవాటు. నేనూ వేశాను. ఆ రోజు ఆ నవ్వు నా చెవులకు చాలా చెడ్డగా వినబడింది.

స్వరూప నవ్వలేదు. గొంతు కూడా పెంచలేదు. "సార్, మొన్న నేను రెండు దినాలు పనికి పోలే. నాతోని మా టవర్ల పదకొండుమంది ఆడోళ్ళు పోలే. రోడ్డు మీద కూసున్నం. జీతం కట్ చేస్తమన్నరు, చేసుకోండ్రి అన్నం. గది తెలంగాణ కోసం. గీ దినం నా కోసం వచ్చిన. తెలంగాణ వచ్చినంక గూడ నా మీద గా మాట గట్లనే ఉంటె, నాకేమొచ్చినట్టు?"

ఆయన కుర్చీలోంచి లేవలేదు. నేను లేచాను. అక్కడ ఉన్నవాళ్ళంతా నాకు అన్నలు, తమ్ముళ్ళు, నాతో లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళు.

"సార్, బహిష్కరించింది మనం. వాళ్ళు బహిష్కరించలే. ఈ కోర్టుల మన అవసరం లేకుండనే వాళ్ళు మాట్లాడుకోవచ్చు, చట్టమే ఉన్నది. నేను ఈ గేటు దాటను. కానీ మీరు వాళ్ళను ఆపితె, వాళ్ళకంటె ముందు నేనే పోత."

"నువ్వు గూడ గిట్లనేనా సుజాతా?" అన్నాడాయన. కుర్చీ మాత్రం పక్కకు జరిపాడు. వెనక నుంచి ఎవరో ద్రోహి అన్నారు. ఎవరో నాకు తెలుసు. ఆయనతో ఈ రోజుకీ మాట్లాడను.

లోపల జరిగింది నేను చూడలేదు. స్వరూప చెప్పింది, తర్వాత కోర్టు రికార్డులో చదివాను. జడ్జిగారు కోస్తా వైపు ఆయన, నెమ్మదస్తుడు. ఖాళీ హాలులో ఈ ఇద్దరే నిలబడ్డారు.

"మీ లాయరుగారు ఏరమ్మా?"

"బయట సమ్మెల ఉన్నరు సార్. నేనే మాట్లాడ్త."

"మాట్లాడగలరా?"

"మా టవర్ల నాలుగు అంతస్తుల మందితోని రోజు మాట్లాడ్త సార్."

ఆయన నవ్వి, సరే చెప్పండి అన్నారట. ప్రశ్నలన్నీ మేం అనుకున్నవే. జవాబులూ అనుకున్నవే. ఆయన కాగితాలు మూయబోతుంటే స్వరూప సంచిలోంచి బాండు పేపరు జిరాక్స్ తీసింది.

"సార్, గీ మాట మీ కాయితంల రావొద్దు."

జడ్జిగారు చదివారు. "దీనికీ మన కేసుకూ సంబంధం లేదమ్మా. ఉభయుల అంగీకారం మీద ఇచ్చే విడాకుల్లో తప్పు ఎవరిదని రాసే గడే ఉండదండి."

"మీ కాయితంల లేదు సార్. గీ కాయితంల ఉన్నది. గిది మా టవర్ మొత్తం తిరిగింది. ఆయన ఈడనే ఉన్నడు. నిజమో అబద్ధమో మీ ముంగట ఆయన నోటితోని చెప్పుమనుండ్రి."

నేను వద్దన్న పని అది. శ్రీశైలం ఒక్క మాట అటూ ఇటూ అన్నా, నాకు ఆలోచించుకోవాలి సార్ అన్నా, పద్దెనిమిది నెలలూ మట్టిలో కలిసేవి. ఆమెకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. తెలిసే తీసింది. మాట పోకుండా విడాకులు ఒక్కటే వస్తే ఆమెకు సరిపోదు.

జడ్జిగారు శ్రీశైలాన్ని చూశారు. "మీరు చెప్పాలని లేదండి. చెప్పదలుచుకుంటే రాసుకుంటాం."

అప్పుడు శ్రీశైలం చెప్పిన మాటలు డిపోజిషన్‌లో, అంటే ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో, ఇప్పటికీ ఉన్నాయి. "గది మా అన్న రాయించిండు సార్. ఆమె నడవడికల ఏం తప్పు లేదు. నేను ఆ దినం వద్దనాలె. అనలే."

జడ్జిగారు స్టెనోతో ఆ మాటలను రాతభాషలోకి మార్చి టైపు చేయించారు. ఇద్దరితో సంతకాలు చేయించారు. స్వరూప సంతకం పెట్టేముందు ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదివిందని, అంతసేపూ ఆయన ఏమీ అనకుండా ఆగారని శ్రీశైలం చెప్పాడు. అదే రోజు ఆ పెళ్ళి రద్దయినట్టు ఆర్డర్ చెప్పారు.

బయటికి వచ్చాక ఇద్దరూ టెంటు ముందు ఆగారు. ఎట్లా పోతారని అడిగాను. "బండి మీదనే. బస్సుల్లేవు గద" అంది స్వరూప. మళ్ళీ మధ్యలో సంచి పెట్టుకుని కూర్చుంది. మా సీనియరు కుర్చీలోంచే, "అయిందా బిడ్డా?" అని అడిగాడు. అయింది సార్ అని చెప్పి, జై తెలంగాణ అని చెయ్యెత్తింది. ఆయనా చెయ్యెత్తక తప్పలేదు.

మరునాటి దీక్షల జాబితాలో నా పేరు తీసేశారు. నేను పోయి కూర్చున్నాను. పేరు లేదన్నారు. పేరు లేకున్నా కూర్చుంటానన్నాను. సమ్మె ముగిసేదాకా రోజూ కూర్చున్నాను.

సమ్మె ముగిశాక సర్టిఫైడ్ కాపీలు వచ్చాయి. కోర్టు ముద్ర వేసి ఇచ్చే అధికారిక నకళ్ళు అవి. ఎవరైనా విడాకుల ఉత్తర్వు, అంటే డిక్రీ, ఒకటే తీసుకుంటారు. స్వరూప డిపోజిషన్ కూడా తీసుకుంది. వాటిని ఏం చేసిందో వారం తర్వాత వచ్చి చెప్పింది.

ఆ టవర్‌లోకి లోపలికి పోయే ప్రతి వస్తువునూ గేటు దగ్గర ఇన్‌వర్డ్ రిజిస్టరులో రాయాలి. ఫినాయిల్ డబ్బా అయినా, ఫైలు అయినా. రాసేది సెక్యూరిటీ సూపర్‌వైజర్. స్వరూప పొద్దున షిఫ్టుకు పోతూ అంజయ్య బల్ల ముందు ఆ కాగితాలు పెట్టింది.

"బావా, రాసుకో."

"ఏందిది?"

"కోర్టు కాయితాలు. లోపటికి తీసుకపోతున్న. రాయకుండ పంపితె మీదికెళ్ళి నిన్నే అడుగుతరు. చదివి రాయి."

వెనక షిఫ్టు మనుషులు వరుసలో నిలబడి ఉన్నారు. అంజయ్య చదివాడు. తమ్ముడి మాట దగ్గర ఆగాడు, మళ్ళీ చదివాడు. పెన్ను తీసి తేదీ, టైము వేసి, "కోర్టు కాగితాలు, రెండు, స్వరూప" అని రాశాడు. ఆ రోజు తర్వాత ఆ జిరాక్స్ గురించి ఎవరూ ఎత్తలేదట. అంజయ్య క్షమించమని అడిగాడా అని అడిగితే, "నాకేమక్కర? రాసిండు గద" అంది.

ఇప్పుడు స్వరూప నానక్‌రామ్‌గూడలో ఇంకా పెద్ద టవర్‌లో పనిచేస్తోంది, కింద ముప్పైమంది ఉన్నారు. మళ్ళీ పెళ్ళి చేసుకుందా అని ఈ కథ విన్నవాళ్ళంతా అడుగుతారు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. అది ఆమె ఇష్టమని ఆమె మొదటి రోజే చెప్పింది.

నాకు ఈ కేసు నేర్పింది రెండు సంగతులు. మొదటిది, న్యాయం కోసం గేటు మూసే హక్కు మాకు ఉండొచ్చు, కానీ మా వెనక ఎవరి గడువు తరుగుతోందో చూడకుండా మూస్తే అది మా సొంత పెత్తనమే అవుతుంది. మా సమ్మె న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను. ఆ రోజు ఆమె లోపలికి పోవడం కూడా అంతే న్యాయం. రెండింటిలో ఒకటి ఎంచుకోమని ఎవరైనా అంటే ఎంచుకోను.

రెండోది ఆ రోజు నా టేబులు మీద జరిగింది. ఇన్‌వర్డ్ రిజిస్టరు సంగతి చెప్పాక స్వరూప ఆ పద్దెనిమిది గడుల కాగితం తీసింది. చివరి గడిలో టిక్ ఉంది, ఆమె సంతకం ఉంది. కింద తనిఖీ చేసినవారు అని ఒక గడి కొత్తగా గీసింది.

"మీరు పెట్టుండ్రి మేడం."

నేను పెన్ను తీసి, ఆమె ముఖం చూస్తూనే సంతకం గీకబోయాను. ఆమె కాగితం వెనక్కి లాక్కుంది.

"చదివి పెట్టుండ్రి" అంది.

చదివాను. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా, ఏడాదిన్నర, నెలకో గడి. ఏ నెల ఎవరి వల్ల పోయిందో గడి పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఒకచోట శ్రీశైలం, ఒకచోట సెలవులు. నాలుగు చోట్ల వకీళ్ళు అని ఉంది. అంతా చదివి, ఆ నాలుగు గడుల పక్కనే నా సంతకం పెట్టాను. ఆమె నా దగ్గరే వదిలేసిన ఆ కాగితం నా బీరువా తలుపు లోపల ఇప్పటికీ ఉంది. నా ముందు ఎవరు సంతకం పెట్టబోయినా పెన్ను నా చేతిలోనే పట్టుకుంటాను. వాళ్ళు చదివాకే ఇస్తాను.